నాలుగు పారల బొగ్గు

నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక ఇల్లాలు ఉండేది. భర్త గూడ్సు బండ్లకు లోకో పైలట్. ఫోను మోగితే బయల్దేరాలి, అది పగలో రాత్రో ముందుగా తెలియదు. పిల్లలిద్దరు, పెద్దది ఆరో తరగతి, చిన్నవాడు రెండు. ఆమె కావలిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. పొద్దున నాలుగున్నరకు లేచిందంటే రాత్రి పదిన్నరకు గానీ నడుం వాల్చదు. ఇంట్లో అందరూ తిన్నాక, వంటింటి గట్టు దగ్గర నిలబడే తినేది. పిల్లల కంచాల్లో మిగిలిన పప్పన్నం పారేయడానికి చెయ్యి రాక, అది కూడా ఆమె కడుపులోకే పోయేది.

పెళ్లినాటికి 50 కిలోలు. రెండు కాన్పులు, పన్నెండేళ్ల కాపురం తర్వాత 73. బడిలో వైద్య శిబిరం పెట్టినప్పుడు చూపించుకుంటే, షుగరు గట్టు మీద ఉంది, ఇంకొంచెం పెరిగితే మాత్రలు తప్పవన్నారు. బరువు తగ్గమన్నారు. రోజూ గంటసేపు నడవమన్నారు.

ఆమె మొండిది. మర్నాడే కావలిలో కొత్త బూట్లు కొనుక్కొచ్చింది. మూడున్నరకు అలారం పెట్టుకుంది. కాలనీ వీధుల్లో, దీపాల వెలుగులో, గంటసేపు చెమట్లు కక్కుతూ నడిచింది. రాత్రి అన్నం మానేసింది. పదకొండు రోజులు. పన్నెండో రోజు తెల్లవారుజామున రెండు గంటలకు భర్త డ్యూటీ దిగి వచ్చాడు, ఆకలన్నాడు. అదే రాత్రి చిన్నవాడికి జ్వరం. ఆ రోజు నడవలేదు. మర్నాడూ కుదరలేదు. మూడోనాటికి బూట్లు అట్టపెట్టెలోకి, అట్టపెట్టె బీరువా మీదికి చేరాయి. రెండేళ్లలో ఇట్లా జరగడం ఇది మూడోసారి. అంతకుముందు రెండుసార్లూ రెండు కిలోలు తగ్గి, మూడు పెరిగింది.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని గోంగూర వలుస్తూ ఉంటే కన్నీళ్లు ఆగలేదు. మామగారు పక్కనే మంచం మీద ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరినవాడు. ఎన్ని సబ్బులు పెట్టి రుద్దినా, ఆ అరచేతుల గీతల్లో బొగ్గు నలుపు ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది.

"ఏమ్మా, ఎందుకట్ట కళ్లు తుడుచుకుంటా ఉండావు?"

"ఏం లేదు మామయ్యా."

"ఏం లేకపోతే బూట్లు బీరువా ఎందుకెక్కినాయి?"

ఆమె చెప్పేసింది. గంట దొరకడం లేదని, దొరికినా నిలబెట్టుకోలేకపోతున్నానని, తన వల్ల కాదని. ఆ మూడో మాట అన్నప్పుడు గొంతు పూడుకుపోయింది.

పెద్దాయన లేచి కూర్చున్నాడు. "నేను ఫైర్‌మన్‌గా ఎక్కిన మొదటి రాత్రి సంగతి నీకు చెప్పలా గదా," అన్నాడు.

"గూడూరు పోయే గూడ్సు. డబ్ల్యూజీ ఇంజను. కుర్రతనం, ఒంట్లో బలం. బండి కదిలీ కదలకముందే ఫైర్‌బాక్సు తలుపు తెరిచి, ఎడాపెడా పారలతో బొగ్గు పోసేసినా. ఇరవయ్యో ముప్పయ్యో లెక్క చూళ్లా. ఇంక నెల్లూరు దాకా చెయ్యి కదపనక్కర్లేదు, కాసేపు కూర్చోవచ్చు అనుకున్నా. బొగ్గు గుట్ట కింద నిప్పు ఊపిరాడక నల్లబడిపోయింది. పొగగొట్టంలోంచి తారు లాంటి నల్ల పొగ. గేజీలో ముల్లు పడిపోతా వచ్చింది. తలమంచి దాటకముందే బండి నిలబడిపోయింది. వెనక నలభై వ్యాగన్లు, మా వెనక ఇంకో బండి."

"డ్రైవరు తిట్టినాడా మామయ్యా?"

"తిట్టలా. అదే నాకు ఇంకా సిగ్గేసింది. నా చేతిలో పార తీసుకున్నాడు. చువ్వతో బొగ్గు గుట్ట చెదరగొట్టి గాలి ఆడనిచ్చినాడు. నిప్పు తేరుకున్నాక, ఒక పార ఈ మూలకి, ఒక పార ఆ మూలకి, రెండు పారలు పక్కలకి. నాలుగే. తలుపు మూసేసినాడు. పొగ చూడరా అన్నాడు. నల్లగా వచ్చి, బూడిద రంగుకు తిరిగి, పలచబడింది. అప్పుడు మళ్లీ నాలుగు. 'నిప్పుకు అన్నం పెట్టడం నేర్చుకో. ఒకేసారి కుక్కితే చస్తుంది. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టాలి' అన్నాడు. ఆ రాత్రి గూడూరు దాకా అట్టనే పోయినాం. తర్వాత నా సర్వీసంతా అట్టనే పోయినా."

ఆమె గోంగూర వలవడం ఆపి వింటోంది.

"ఇంకో సంగతి. బండి దిగి షెడ్డుకొచ్చినాక, మర్నాడు ఇంజనుతో పనుంటే నిప్పు పూర్తిగా ఆర్పేవాళ్లం కాదు. మీ అమ్మమ్మ కుంపట్లో నిప్పు మీద బూడిద కప్పి పెట్టేది చూడు, అట్ట ఒక మూలకి తోసి కప్పి ఉంచేవాళ్లం. చల్లారిపోయిన బాయిలర్లో మళ్లీ ఆవిరి పుట్టించాలంటే గంటలు గంటలు పడుతుంది. నువ్వు చేస్తా ఉండేది ఏందంటే, పదకొండు రోజులు ముప్పై పారలు పోస్తా ఉండావు. పన్నెండో రోజు మొత్తం ఆర్పేస్తా ఉండావు. మళ్లీ ఆర్నెల్లకి చల్లారిన బాయిలర్ ముందర నిలబడి ఏడస్తా ఉండావు."

"నాకు గంట యాడుంది మామయ్యా?"

"నేను గంట అడగలా. నాలుగు పారలు అడిగినా."

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, కోడలూ మామా కూర్చుని ఆమె రోజును గుడ్డ ఆరేసినట్టు పరిచి చూశారు. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, పొంగు కోసం కాచుకునే నాలుగైదు నిమిషాలు. అప్పుడు ఏం చేస్తావు? ఫోను చూస్తా. స్టేషన్లో కావలి బండి కోసం బెంచీ మీద కూర్చునే పది నిమిషాలు. ఒక్కోరోజు పదిహేను. బడిలో రెండో అంతస్తుకు మెట్లు, రోజుకు నాలుగుసార్లు. ఎట్లా ఎక్కుతావు? కడ్డీ పట్టుకుని, ఆగి ఆగి. రాత్రి అన్నాలయ్యాక పిల్లలు టీవీ ముందు కూర్చునే అరగంట.

మర్నాటి నుంచి పాల దగ్గర గట్టు పట్టుకుని మడమలు లేపడం, దించడం మొదలుపెట్టింది. నాలుగు రోజులకు అది సులువైపోతే, స్టూలు మీద కూర్చుంటున్నట్టు వంగి లేవడం పట్టుకుంది. మొదటి రోజు ఆరుసార్లకే తొడలు వణికాయి. స్టేషన్లో బెంచీ మానేసి, బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. బడి మెట్లు కడ్డీ పట్టకుండా, ఆగకుండా, గబగబా ఎక్కింది. పైకెళ్లేసరికి ఒక్క నిమిషం మాట రాదు, గుండె దడదడలాడేది. రెండు నెలలకు ఆ దడ తగ్గింది. బూట్లు బీరువా దిగాయి. రాత్రి అన్నం మానలేదు. తగ్గించింది, తొందరగా తినేసింది.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు. "బాయిలర్లో నీళ్లు తక్కువైతే పేలుతుందని అందరికీ తెలుసు. ఎక్కువైనా తప్పేనని ఫైర్‌మన్‌కే తెలుసు. నీళ్లు ఆవిరితో పాటు సిలిండర్లోకి పోయి ఇంజను పాడవుతుంది. పిల్లోళ్ల కంచాల్లో మిగిలింది నీ కంచం కాదమ్మా." అప్పటినుంచి ఆమె పిల్లలకు సగమే వడ్డించింది, కావాలంటే మళ్లీ అడగమంది. పారబోయాల్సిన పని లేకపోయింది, తను మింగాల్సిన పనీ లేకపోయింది.

అన్నీ కుదిరాయా అంటే లేదు. కొండబిట్రగుంట బ్రహ్మోత్సవాలకు బంధువులు దిగినప్పుడు వారం రోజులు ఏదీ సాగలేదు. ఆ వారమంతా పాల దగ్గర రెండు నిమిషాలు మాత్రం వదల్లేదు. నిప్పు కప్పి ఉంచింది.

కథలో ముఖ్యమైన ముక్క ఇంకా చెప్పలేదు. మూడో వారంలో ఒక పొద్దున ఆమె లేచేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. ముసలాయన బిందెలు నింపి, బియ్యం కడిగి నానబెట్టి, పిల్లల నీళ్ల సీసాలు వరసగా పెట్టి ఉన్నాడు.

"మీరెందుకు మామయ్యా ఇయ్యన్నీ?" అని ఆమె కంగారుపడింది.

"ఇంజను మీద ముగ్గురం ఉండేవాళ్లం తల్లీ. డ్రైవరు, నేను, రెండో ఫైర్‌మన్. వాడు వెనక బొగ్గు పగలగొట్టి ముందుకు తోస్తేనే నేను పార ఎత్తగలిగేది. ఇన్నేళ్లుగా ఈ ఇంటి ఇంజను మీద నువ్వొక్కదానివే ఉండావు. అది మేం చూళ్లా." కాసేపాగి, "మీ అత్త ఉన్నప్పుడు కూడా చూళ్లా," అన్నాడు.

ఆ ఆదివారం కొడుకును కూర్చోబెట్టి మాట్లాడాడు. డ్యూటీ లేని రోజుల్లో రాత్రి గిన్నెలు భర్తవి, పిల్లల్ని నడకకు తీసుకెళ్లడం తాతది. ఏడాది తిరిగేసరికి ఆమె బరువు 73 నుంచి 67కు వచ్చింది. షుగరు గట్టు దిగింది. 50కి రాలేదు, రావాలని ఆమె అనుకోవడమూ మానేసింది.

కథ ఇంతే. ఇక నీతి.

దీన్ని బద్ధకస్తులకు చెప్పే సుద్దిగా చదవొద్దని ముందే మనవి. బరువు పెరిగిన తల్లిని చూసి ఒళ్లు వంచదనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆమె ఒళ్లు పొద్దున నాలుగున్నర నుంచి వంగే ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదటిసారి దేశమంతటా జనం సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. జీతంలేని ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే ఐదు గంటలు పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్లే నలుగురిలో ఒకరు. గంట ఎక్కడ పోయిందో ఇక్కడే కనిపిస్తోంది.

మరోవైపు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతానికి పైగా ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తానికి అది 24 శాతం. అదే సర్వేలో మన ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత. ఒళ్లు పెరిగింది, రక్తం మాత్రం చాలదు. తెల్లగా మరపట్టిన బియ్యపన్నం పళ్లెం నిండా, పక్కన పచ్చడి, చారు, చివర్లో మజ్జిగ. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప వంతు వచ్చేసరికి గిన్నె అడుగంటిపోయి ఉంటుంది. చేపల పులుసుకు పేరుమోసిన జిల్లాలో కూడా చివరగా తినే తల్లికి దక్కేది తరచు పులుసే. ముక్క కూడా ఆమె కంచంలో పడాలి. బరువు తగ్గాలనుకునే తల్లి ముందు మానాల్సింది అన్నం కాదు, చివరగా తినడం.

గంట కుదరకపోతే ఏం లాభం అనే మాటకు వైద్యశాస్త్రం దగ్గర ఇప్పుడు జవాబుంది. పెద్దవాళ్లు వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలని ఇదివరకు షరతు ఉండేది. 2020లో ఆ షరతు తీసేసింది. రెండు నిమిషాలైనా లెక్కలోకే వస్తాయి. పాల పొంగు దగ్గరి నాలుగు నిమిషాలూ వస్తాయి.

మెట్ల సంగతి ఇంకా పాతది. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్లను గమనించి 1953లో ఒక పరిశోధన ప్రచురించాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే ఊళ్లో తిరిగేవాళ్లు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టికెట్లు కొడుతూ పై అంతస్తుకు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. ఆ కండక్టర్లు వ్యాయామం కోసం మెట్లెక్కలేదు, ఉద్యోగం చేశారంతే. 2022లో బ్రిటన్‌లో ప్రత్యేకంగా వ్యాయామమేదీ చేయని పాతికవేల మంది కదలికను కొలిచిన చేతి పట్టీల లెక్కలు తీసి చూస్తే, పనుల మధ్య రోజుకు మూడుసార్లు ఒకట్రెండు నిమిషాలు ఆయాసం వచ్చేలా కదిలినవాళ్లు అసలు అలా కదలనివాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు.

అయితే ఒక నిజం దాచకూడదు. ఈ చిన్న విడతలు గుండెను, కండను కాపాడతాయి, షుగరు అదుపుకు సాయపడతాయి. బరువు ముల్లు మాత్రం వాటితోనే పెద్దగా కదలదు. అది కదిలేది తిండి దగ్గర. కథలో తాత నీళ్ల మట్టం గురించి చెప్పింది అందుకే. ఒక లెక్క చూడండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచాకు 5 గ్రాముల చొప్పున 40 గ్రాములు, 160 క్యాలరీలు. రోజు మొత్తానికి పైనుంచి వేసుకునే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక్కో టీలో ఒక చెంచా తగ్గిస్తే 80 క్యాలరీలు పోయినట్టే. దానికి గంటా అక్కర్లేదు, బూట్లూ అక్కర్లేదు.

ఇన్ని చేసినా బరువు ఆగకుండా పెరుగుతుంటే, జుట్టు రాలుతూ, ఎప్పుడూ నీరసంగా ఉంటే, నెలసరి తప్పుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి, డాక్టరుకు చూపించుకోవాలి. అక్కడ పట్టుదల పనికిరాదు, మందు కావాలి. ఇంకా పాలిస్తున్న తల్లి అయితే తిండి తగ్గించే ఆలోచనే పెట్టుకోకూడదు. ఆమెకు మామూలుకంటే రోజుకు ఐదారువందల క్యాలరీలు ఎక్కువ కావాలి. కాన్పు అయిన ఆరు నెలలకే నడుము సన్నబడాలని పోరే బంధువులకు ఆ మాట గట్టిగా చెప్పడం తప్పు కాదు.

కొంచెం కొంచెంగా కూడబెట్టడం నెల్లూరు ఆడవాళ్లకు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. ఇదే జిల్లాలో, కలిగిరి దగ్గర దూబగుంటలో, అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దారు. 1992లో అక్కడ సారాకు ఎదురు తిరిగారు. ఆ తర్వాత జిల్లా అంతటా ఊరూరా పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకుని, రోజుకు ఒక్క రూపాయి దాచారు. రూపాయితో ఏమొస్తుందని ఇంట్లో మగవాళ్లు నవ్వి ఉంటారు. ఆ రూపాయిలే కొన్నాళ్లకు అప్పులిచ్చేంత మూలధనమయ్యాయి. రెండు నిమిషాలతో ఏమొస్తుందని అడిగేవాళ్లకు నేను చూపించేది ఆ పాసుపుస్తకాన్నే.

కానీ ఆ సంఘాలు ఒక్కరితో నడవలేదు. పదిమంది కలిసి కూర్చున్నారు కాబట్టే ఒకరు తప్పిన రోజు మరొకరు గుర్తుచేశారు. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. తల్లి ఆరోగ్యం గురించి రాసేవాళ్లలో చాలామంది అంతా ఆమెకే చెబుతారు. పొద్దున్నే లేవమంటారు, తక్కువ తినమంటారు, సమయం చూసుకోమంటారు. ఇప్పటికే పార ఎత్తీ ఎత్తీ అలసిన చేతికి ఇంకో పార అందిస్తారు. బిట్రగుంట తాత కోడలికి ఉపదేశం చేసి ఊరుకుని ఉంటే, ఆమె బూట్లు నాలుగోసారి కూడా బీరువా ఎక్కేవని నా నమ్మకం. ఆయన బిందె ఎత్తాడు.

నిద్ర సంగతి కూడా ఈ పని పంచుకోవడంలోనే ఉంది. నిద్ర చాలనివాళ్లకు మరుసటి రోజు ఆకలి ఎక్కువవుతుంది, మనసు తీపి మీదికి పోతుంది. మూడున్నరకు అలారం పెట్టుకుని నడిచిన పదకొండు రోజులూ ఆమె మధ్యాహ్నం స్టాఫ్ రూములో బిస్కెట్ల పొట్లం ఎందుకు ఖాళీ చేసిందో ఆమెకే తెలియలేదు. నిద్ర తెగ్గోసి నడక తేవద్దు.

ఇది చదువుతున్నది తల్లి అయితే, రేపు పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు గట్టు పట్టుకుని మడమలు లేపి చూడండి. పొంగు వచ్చేలోపు ఎన్నిసార్లు కుదిరితే అన్ని. చదువుతున్నది ఆ ఇంట్లో భర్తో, మామగారో, ఎదిగిన కొడుకో అయితే, ఈ రాత్రి అన్నాలయ్యాక గిన్నెలు మీరు తోమండి. ఆమె పదిన్నరకు కాకుండా పదికి పడుకుంటుంది.